మొదట మైకు, తర్వాతే కెమెరా

కంప్యూటర్ పాఠాలను తెర రికార్డింగులుగా తయారు చేసి విద్యార్థులకు అందించడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. రాసినవారి పేర్లు తీసివేసి ఊరి పేర్లు మాత్రం ఉంచాము.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, ఎక్సెల్ బోధిస్తున్నాను. నరసన్నపేట, ఆమదాలవలస వైపు నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలు క్లాసు తప్పిన రోజు ఆ పాఠాన్ని ఇంటి దగ్గర ఫోనులో చూసుకునేలా రికార్డు చేసి ఇవ్వాలని నా కోరిక. నా దగ్గర ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. పదిహేను వేల రూపాయల వరకు పెట్టగలను. వెబ్‌క్యామ్, రింగ్ లైటు, మంచి మైకు, డబ్బు పెట్టి కొనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, వీటిలో ముందు ఏది కొనమంటారు?
– ఒక అధ్యాపకురాలు, శ్రీకాకుళం

జవాబు: ముందు మైకు కొనండి. మిగిలిన డబ్బు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకోండి. మీ పాఠం చూసే అమ్మాయి ఒక చేత్తో ఫోను పట్టుకుని, లేదా ఫోనును పుస్తకానికి ఆనించి పెట్టుకుని, రెండో చేత్తో నోట్సు రాసుకుంటుంది. సగం సేపు ఆమె చూపు తెర మీద ఉండదు, మీ గొంతు వెంటే నడుస్తుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఓర్చుకుంటుంది గాని, మాట స్పష్టంగా వినిపించకపోతే రెండు నిమిషాలలో వీడియో మూసేస్తుంది. అందుచేత మీ ముఖం కనిపించడానికి అవసరమైన వెబ్‌క్యామ్, రింగ్ లైటు ఈ పనికి అక్కరలేదు. టాలీ పాఠంలో తెర మూలన చిన్న గడిలో ఉపాధ్యాయుడి ముఖం పెడితే, ఓచరులో, అంటే లావాదేవీని నమోదు చేసే పేజీలో, చదవవలసిన అంకెలకు ఆ మేరకు చోటు తగ్గిపోతుంది.

వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే తీగ ఉన్న కాలర్ మైకు మీకు సరిపోతుంది. ఇయర్‌ఫోనుకు, మైకుకు కలిపి ఒకే రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాన్ని నేరుగా గుచ్చవచ్చు. రెండూ విడివిడిగా ఉన్న డెస్క్‌టాప్ అయితే చిన్న స్ప్లిట్టర్ తీగ అదనంగా కావాలి. మైకును గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి. చీర కొంగు గాని, చున్నీ గాని దానికి రాసుకుంటే ఆ గరగర ప్రతి మాటలోనూ వినిపిస్తుంది కనుక, పిన్నుతో వస్త్రాన్ని పక్కకు కుదించి మైకు తల బయటికి ఉండేలా చూసుకోండి. టైపు చేసే చేతికి గాజులుంటే రికార్డింగు సమయంలో తీసి పెట్టండి. బల్లకు తగిలే గాజుల చప్పుడు, మనం గది నిండా మాట్లాడుతున్నప్పుడు చెవిన పడదు గాని, ఇయర్‌ఫోనులో వినే విద్యార్థికి మీ మాటకంటే ముందు అదే వినపడుతుంది.

సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. ఓబీఎస్ స్టూడియో ఉచితం, దాని సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది, విండోస్‌లోను, మ్యాక్‌లోను, లినక్స్‌లోను పనిచేస్తుంది, రికార్డు చేసిన వీడియో మీద తన ముద్ర వేయదు, సమయ పరిమితి పెట్టదు. మీ ల్యాప్‌టాప్ పాతదని దిగులు పడకండి. టాలీ తెర ఆటల తెరలాగా క్షణక్షణం మారదు, అందుచేత దాన్ని రికార్డు చేయడం ప్రాసెసర్‌కు పెద్ద భారం కాదు. ఓబీఎస్ సెట్టింగులలో వీడియోను కుదించే ఎన్‌కోడర్ దగ్గర, ప్రాసెసర్ భారం తగ్గించే ఇంటెల్ క్విక్‌సింక్ కనిపిస్తే దాన్ని ఎంచుకోండి. సెకనుకు 30 ఫ్రేములు ధారాళంగా చాలు, యంత్రం తడబడితే 15కు తగ్గించినా లెక్కల పాఠానికి నష్టం లేదు.

అసలు శ్రద్ధ పెట్టవలసినది అక్షరాల పరిమాణం మీద. చాలా పాత ల్యాప్‌టాప్‌ల తెర 1366 x 768 కొలతలో ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి ఓబీఎస్‌లో మరో కొలతకు కుదిస్తే అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలోనే తెరను 1280 x 720కు మార్చి, ఓబీఎస్ వీడియో సెట్టింగులలో ఉన్న రెండు కొలతలనూ అదే 1280 x 720 చేయండి. దీనివల్ల టాలీ అక్షరాలు తెర మీదే పెద్దవవుతాయి, కుదింపు లేదు కనుక స్పష్టంగానూ ఉంటాయి. తర్వాత ఒక నిమిషం రికార్డు చేసి, మీ ఫోనును నిలువుగానే పట్టుకుని చూడండి. ఎఫ్8 నొక్కి తెరిచిన సేల్స్ ఓచరులో సరుకు పేరు, పరిమాణం, ధర, మొత్తం, ఈ నాలుగూ కళ్లు చికిలించకుండా చదవగలిగితే మీ అమరిక కుదిరినట్టే. అప్పటికీ చదవడం కష్టమైన చోట మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే జూమ్‌ఇట్ వాడండి. కంట్రోల్‌తో 1 నొక్కితే తెర పెద్దదవుతుంది, కంట్రోల్‌తో 2 నొక్కితే తెర మీద గీతలు గీయవచ్చు. పెద్దది చేసిన తర్వాత మౌసును అటూ ఇటూ తిప్పకుండా చెప్పవలసిన చోట నిలిపి ఉంచండి.

టాలీ బోధించేవారు తప్పక గమనించవలసిన విషయం ఒకటుంది. మీ కేంద్రంలో లైసెన్సు ఉన్న టాలీ ఉండవచ్చు, ఇంటి దగ్గర సాధన చేసే విద్యార్థి దగ్గర ఉండేది లైసెన్సు లేకుండా సాధనకు వాడే ఎడ్యుకేషనల్ మోడ్. అందులో నెలలో 1, 2, 31 తేదీలతో మాత్రమే ఓచర్లు నమోదవుతాయి. మీరు పాఠంలో 14వ తేదీ అని చెప్పి ముందుకు సాగిపోతే, మీతోపాటు చేస్తున్న విద్యార్థి అక్కడే ఆగిపోయి, తప్పు తనదేననుకుంటుంది. ఉదాహరణలన్నింటినీ 1, 2 తేదీల మీదే అల్లుకోండి.

ఇక పంపే పద్ధతి. సెకనుకు 1000 కిలోబిట్ల వీడియో, 128 కిలోబిట్ల ఆడియో పెట్టుకుంటే పది నిమిషాల పాఠం దాదాపు 85 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, మీరు ఇంత శ్రమపడి నిలబెట్టిన అక్షరాలు మసకబారతాయి. అదే ఫైలును డాక్యుమెంటుగా జతచేసి పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. యూట్యూబులో పెట్టదలిస్తే అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవారే చూడగలిగేలా, పెట్టి లింకు ఇవ్వవచ్చు, అప్పుడు డేటా తక్కువ ఉన్న అమ్మాయి తక్కువ నాణ్యతలోనైనా చూసుకోగలదు.

ప్రశ్న: విజయనగరంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. జూనియర్ల కోసం పైథాన్ పాఠాలు రికార్డు చేస్తున్నాను. మా గది మేడ మీద, రైలు పట్టాలకు దగ్గరలో ఉంది. ఫ్యాను ఆపితే ఉక్కపోత భరించలేము, వేస్తే హోరు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంత శుభ్రం చేసినా గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటోంది. మాట కూడా గదిలో మోగుతున్నట్టు వినిపిస్తోంది.
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. ఫ్యాను హోరు ఒకే తీరున సాగే చప్పుడు కనుక దాన్ని సాఫ్ట్‌వేర్ కొంతవరకు తీసివేయగలదు. గది మోత అలాంటిది కాదు. అది మీ మాటే గోడకు, స్లాబుకు, టైల్స్ నేలకు తగిలి తిరిగి వచ్చి అసలు మాటలో కలిసిపోయినది కాబట్టి, తర్వాత దాన్ని విడదీయడం చాలా కష్టం. దాన్ని గదిలోనే ఆపాలి. మీ ముందున్న గోడకు ఒక పరుపును నిలబెట్టి, వెనుక తాడు మీద రెండు మందపాటి దుప్పట్లు లేదా బొంతలు ఆరేసి, బల్ల మీద తువ్వాలు పరిచి రికార్డు చేసి చూడండి. వెయ్యి రూపాయల మైకుకూ పదివేల మైకుకూ మధ్య ఉన్న తేడాకంటే ఈ బొంతలు తెచ్చే తేడా ఎక్కువ. నేను దీన్ని పట్టుబట్టి చెబుతున్నాను, ఎందుకంటే మోగే గదిలో ఖరీదైన కండెన్సర్ మైకు పెట్టి, ఆ మోతను మరింత స్పష్టంగా రికార్డు చేసి నిరాశపడే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఇటువంటి గదికి చుట్టుపక్కల చప్పుళ్లను తక్కువగా పట్టే డైనమిక్ మైకు మేలు.

మైకును దగ్గరికి తెచ్చుకోవడం రెండో మందు. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే మైకుకు నేరుగా అందే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను హోరు మాత్రం ఉన్నంతే ఉంటుంది. అయితే బాగా దగ్గరికి వచ్చినప్పుడు ప, ఫ, బ, భ అక్షరాల గాలి మైకును తాకి ధబ్బుమంటుంది. అందుకని దాన్ని నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకు పక్కగా ఉంచండి.

ఆడాసిటీలో గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉండడానికి కారణం అతిగా శుభ్రం చేయడమే. రికార్డింగు మొదట్లో మాట్లాడకుండా ఐదు సెకన్లు ఊరుకోండి. ఆ ముక్కను మాత్రం ఎంచుకుని నాయిస్ రిడక్షన్‌లో చప్పుడు నమూనా తీసుకోండి, తర్వాత మొత్తం ఎంచుకుని 6 నుంచి 12 డెసిబెల్స్ లోపు మాత్రమే తగ్గించండి. కొంచెం హోరు మిగిలితే మిగలనివ్వండి. చెవి దానికి కాసేపట్లో అలవాటు పడుతుంది గాని, చెడిపోయిన గొంతుకు అలవాటు పడదు. తెల్లవారుజామున ఫ్యాను లేకుండా కూర్చోగలిగే అరగంట దొరికితే అంతకంటే మంచిది లేదు.

రైలు వచ్చినప్పుడు చెబుతున్న వాక్యాన్ని ఆపేసి, అది వెళ్లాక ఒక చప్పట్లు కొట్టి, అదే వాక్యాన్ని మొదటి నుంచి చెప్పండి. తర్వాత ఎడిటింగులో ఆ చప్పట్లు సన్నని నిలువు గీతలా లేచి కనిపిస్తాయి కనుక కత్తిరించవలసిన చోటు కోసం వెతుక్కోనక్కరలేదు. మాట తడబడిన చోట కూడా ఇదే పద్ధతి. ఇంకొక మార్గం, తెరను ముందు మాట లేకుండా రికార్డు చేసుకుని, గొంతును తర్వాత విడిగా చేర్చడం. కోడు టైపు చేస్తూ మాట్లాడడం కొత్తవారికి ఎలాగూ కష్టం కాబట్టి, పైథాన్ పాఠాలకు నేను ఈ రెండో పద్ధతినే ఎక్కువగా సిఫారసు చేస్తాను.

ప్రశ్న: జీడిపప్పు వ్యాపారుల లెక్కలు ఎక్సెల్‌లో ఎలా పెట్టుకోవాలో పాఠాలు చేస్తున్నాను. నలభై నిమిషాలు రికార్డు చేశాక కరెంటు పోయింది. ఎంపీ4 ఫైలు ఉంది గాని తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: మామూలు ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక రికార్డింగు ముగిసేటప్పుడు రాయబడుతుంది. కరెంటు మధ్యలో పోతే ఆ పట్టిక ఉండదు, దృశ్యం లోపలే ఉన్నా ప్లేయర్ చదవలేదు. ఇకపై ఓబీఎస్‌లో ఎంకేవీ అనే ఫైలు రూపంలో రికార్డు చేయండి, అందులో కరెంటు పోయిన క్షణం వరకు రికార్డయినది నిలుస్తుంది. తర్వాత ఫైల్ మెనూలో ఉన్న రీమక్స్ ద్వారా కొద్ది సెకన్లలో ఎంపీ4గా మార్చుకోవచ్చు, నాణ్యత తగ్గదు. 2024లో వచ్చిన ఓబీఎస్ 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అనే రూపం కూడా ఇదే రక్షణ ఇస్తోంది. నలభై నిమిషాలు ఏకబిగిన రికార్డు చేయడం మానుకోండి. ఏడెనిమిది నిమిషాలకు ఒక ఫైలు చేస్తే పోయినా కొంతే పోతుంది, చూసేవారికీ అదే సుఖం. డెస్క్‌టాప్ అయితే చిన్న యూపీఎస్ తప్పనిసరి. పూర్తయిన పాఠాలను మరొక హార్డ్ డిస్కులో, వీలైతే మరొక ఊరిలో కూడా ఉంచండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటినప్పుడు ఏమైందో మీకు నేను గుర్తు చేయనక్కరలేదు.

ప్రశ్న: అధ్యాపకుడిగా పదవీ విరమణ చేశాను. ఇంగ్లీషులో ఉన్న మంచి సాఫ్ట్‌వేర్ పాఠాలకు తెలుగు గొంతు ఇవ్వాలని ఉంది. అనుమతి విషయం ఏమిటి? స్క్రిప్టు ఎలా రాసుకోవాలి? నా మాటలో మన ఉత్తరాంధ్ర యాస ఉంటుంది, అది ఇబ్బంది అవుతుందా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: మీ కోరిక చదివి చాలా సంతోషించాను. ఎవరి వీడియోనైనా తీసుకుని గొంతు మార్చి పెట్టడం కుదరదు, దాని లైసెన్సు ముందు చూడాలి. మీ పనికి చక్కటి ఉదాహరణ ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యంలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్. లిబ్రేఆఫీస్, లినక్స్, పైథాన్, సైలాబ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల మీద పది నిమిషాలకు అటూ ఇటూ ఉండే పాఠాలు అందులో ఉన్నాయి. తెరను ఇంగ్లీషులోనే ఉంచి, గొంతును మాత్రం తెలుగుతో సహా భారతీయ భాషలలోకి మారుస్తారు. ఉద్యోగాలలో, పరీక్షలలో పిల్లలు వాడవలసినది ఆ ఇంగ్లీషు మెనూనే కాబట్టి ఈ నిర్ణయం చాలా ఆలోచించి తీసుకున్నది. ఆ పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. మూలాన్ని పేర్కొని, మీరు చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇతరులకు అందించాలన్నది అందులోని షరతు.

వారి స్క్రిప్టు పద్ధతిని మీరు మీ సొంత పాఠాలకు కూడా వాడుకోవచ్చు. కాగితం మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు తెర మీద జరిగే పని, కుడివైపు దానికి పలికే మాట రాస్తారు. ఎడమవైపు 'ఫైల్ మెనూ మీద క్లిక్' అని ఉంటే కుడివైపు దానికి సంబంధించిన ఒక్క వాక్యమే ఉంటుంది. ఇలా రాసినప్పుడు, ఎడమ గడి ఖాళీగా ఉండి కుడి గడి పొడవుగా సాగిన చోట మీరు తెరను వదిలి ఉపన్యాసంలోకి వెళ్లారని వెంటనే తెలిసిపోతుంది. రాసిన స్క్రిప్టును ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నడూ తెరవని ఒకరికి ఇచ్చి, మీరు పక్కన కూర్చుని, ఒక్క మాటా సాయం చేయకుండా వారిని చేయనివ్వండి. వారు ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. ఈ పరీక్ష జరగకుండా ఏ పాఠాన్నీ రికార్డు చేయకండి.

డబ్బింగులో ఎదురయ్యే చిక్కు కాలానిది. ఇంగ్లీషు వాక్యానికి నాలుగు సెకన్లు పట్టిన చోట తెలుగుకు ఆరు పట్టవచ్చు. వేగంగా చదివి సరిపెట్టకండి. మొదట వాక్యాన్ని కుదించి చూడండి. కుదరకపోతే కేడెన్‌లైవ్ వంటి ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ చోట తెరను రెండు సెకన్లు నిలిపి ఉంచండి. సాధన చేసుకునేవారికి ఆ విరామం పనికొస్తుంది కూడా.

యాస గురించి మీరు సంకోచించవద్దు. పాఠ్యపుస్తకం చదివినట్టు కాకుండా, ఇన్నేళ్లు తరగతి గదిలో మాట్లాడినట్టే మాట్లాడండి. చీపురుపల్లి, గరివిడి పిల్లలు తమ ఊరి మాటలో కంప్యూటర్ పాఠం వినడం అరుదు, అది మీ వల్ల వారికి దక్కుతుంది. వాక్యాన్ని చివరిదాకా మింగకుండా పలికితే గుంటూరులో ఉన్న విద్యార్థికి కూడా అర్థమవుతుంది.

ప్రశ్న: పొదుపు సంఘాల మహిళలకు ఫోనులో డబ్బు పంపడం, స్వీకరించడం నేర్పే వీడియోలు చేస్తున్నాను. ఫోను తెర రికార్డు చేస్తే కొన్ని పేజీలు నల్లగా వస్తున్నాయి. ఎడిటింగులో మాట, బొమ్మ క్రమంగా ఒకదానికొకటి దూరమవుతున్నాయి.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నల్లగా రావడం మీ ఫోను లోపం కాదు. పిన్ను, ఖాతా వివరాలు ఉండే పేజీలను రికార్డు కానివ్వకుండా ఆ యాప్‌లే అడ్డుకుంటాయి, అది అందరి మేలుకే. దాన్ని దాటే ఉపాయాలు వెతకకండి. ఆ పేజీ ఎలా ఉంటుందో ఒక కాగితం మీద పెద్దగా గీసి, దాని ఫొటో ఆ చోట పెట్టి, 'ఇక్కడ మీ పిన్ను నొక్కాలి, డబ్బు స్వీకరించడానికి పిన్ను ఎప్పుడూ అక్కరలేదు' అని స్పష్టంగా చెప్పండి. ఆ రెండో వాక్యం మీ వీడియోలన్నింటిలోనూ ఉండాలి, మోసపోతున్నవారిలో చాలామందికి తెలియనిది అదే. రికార్డింగుకు ముందు నోటిఫికేషన్లు ఆపేయండి, మీ ఓటీపీలు, ఫోను నెంబరు, క్యూఆర్ కోడు ఎక్కడా కనిపించకుండా చూసుకోండి.

ఆండ్రాయిడ్ 11 నుంచి తెర రికార్డింగు ఫోనులోనే ఉంది. వేలు ఎక్కడ తాకిందో కనిపించే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది, దాన్ని తప్పక ఆన్ చేయండి, లేకపోతే చూసేవారికి తెర తనంతట తానే మారిపోతున్నట్టు అనిపిస్తుంది. మాట, బొమ్మ దూరమవడానికి కారణం, ఫోను రికార్డింగులో సెకనుకు ఫ్రేముల సంఖ్య స్థిరంగా ఉండకపోవడం. ఎడిటింగుకు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలును వేసి, కాన్‌స్టాంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని, 30గా మార్చుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఓబీఎస్‌లో డిస్‌ప్లే క్యాప్చర్ పెడితే మొత్తం నలుపే కనిపిస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది. అదీగాక, రికార్డయిన గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తోంది.
– ఒక విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లో తెరను ఒక చిప్పు నడుపుతుండగా ఓబీఎస్ రెండో దాని మీద నడిస్తే ఇలా అవుతుంది. విండోస్ సెట్టింగులలో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరకు వెళ్లి, జాబితాలో ఓబీఎస్‌ను చేర్చి, దానికి పవర్ సేవింగ్ ఎంచుకుని, ఓబీఎస్‌ను మూసి మళ్లీ తెరవండి. బ్రౌజర్ కిటికీ ఒక్కటే నల్లగా వస్తే విండో క్యాప్చర్‌లో పద్ధతిని 'విండోస్ 10 (1903 అండ్ అప్)'కు మార్చండి. గొంతు సంగతికి, ఆడియో మిక్సర్ నుంచి అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిచి మీ మైకు వరుసలో మోనో గడికి టిక్కు పెట్టండి. ఆ మార్పు ఇకపై చేసే రికార్డింగులకే వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్న ఫైలు ఆడియోను ఆడాసిటీలో తెరిచి, స్టీరియో ట్రాకును రెండుగా విడదీసి, ఖాళీగా ఉన్న కుడి ట్రాకును తొలగించి, మిగిలినదాన్ని మోనోగా చేసి ఎగుమతి చేసుకోండి.